మా దారికి అడ్డంగా గేటు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా, ఒక పెద్ద కాలనీ నడుమ ఉంటుంది మా ఇల్లు. నేను పుట్టినప్పుడు అది జొన్నచేల నడుమ ఉండేది. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో మేడలు లేచాయి, మేడల్లోకి కోస్తా జిల్లాల ఉద్యోగస్తుల కుటుంబాలు దిగాయి. మావాళ్లు ఒక్కొక్కరే అమ్ముకుని సూరారం వైపు పోయారు. చివరికి మాదీ మా చిన్నాయినదీ మిగిలాయి, వెనకాల బర్రెల కొట్టంతో సహా.

చుట్టూ అందరూ తెలుగువాళ్లే. అయినా నా తెలుగును దాచుకోవాల్సి వచ్చింది. పాలన్నీ అమ్ముడైపోయిన రోజున కిరాణా కొట్లో "సల్ల ప్యాకెట్ ఉందా అన్నా" అని అడిగితే పక్కనున్నావిడ "సల్లా? అదేంటమ్మా?" అని నవ్వేది. ఆమెకు తెలుసు, నాతో ఇంకోసారి అనిపించాలని అడిగేది. నేను మజ్జిగ అనడం మొదలుపెట్టాను. నాయిన మాత్రం మారలేదు. పాలు పోయడానికి వెళ్లి గుమ్మం గుమ్మం ముందూ "పాలు తెచ్చిన, గిన్నె తీస్కరాండ్రి" అని కేకేసేవాడు.

తర్వాత కాలనీ కమిటీ రోడ్డుకు అడ్డంగా ఇనుప గేటు పెట్టింది. పేడతో రోడ్డు పాడవుతోంది కాబట్టి ఇకమీదట పశువులు ఆ దారిన రాకూడదన్నారు. మా ఇంటికి ఇంకో దారి లేదు. వాచ్‌మన్ మంచివాడు కావడంతో, చూసీచూడనట్టు గేటు తీస్తుంటే కొన్నాళ్లు గడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం చూడి బర్రెకు నొప్పులొచ్చాయి. దూడ కాలొకటే బయటికొచ్చి ఆగిపోయింది. నాయిన మేడ్చల్ పోయి పశువుల డాక్టరును బండి మీద ఎక్కించుకొచ్చేసరికి గేటుకు తాళం వేసి ఉంది. లోపలివైపు కమిటీ పెద్ద, మరో ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. అరుపులు విని నేను ఇంట్లోంచి పరుగెత్తాను.

"తాళం తియ్యుండ్రి సార్, బర్రె సస్తాంది," అంటున్నాడు నాయిన.

"వేరే దారి చూసుకోమని చెప్పాం కదయ్యా. పశువులున్నన్నాళ్లూ మీకు గేటు తీయకూడదని మీటింగులో తీర్మానం అయిపోయింది," అన్నాడు కమిటీ పెద్ద.

"నా ఇంటికి నేను పోనీకి మీ తీర్మానమేంది?"

"ముందు తెలుగు సరిగ్గా మాట్లాడటం నేర్చుకుని రా. తీర్మానం సంగతి తర్వాత చెప్తా."

నాయిన గేటెక్కి ఇవతలికి కాలు వేశాడు. కమిటీ పెద్ద నాయిన చొక్కా పట్టి కిందికి లాగి, చెవి మీద అరచేత్తో బలంగా కొట్టాడు. నాయిన తూలి పడ్డాడు. తల ఇనుప కమ్మికి తగిలి చీరుకుపోయింది. లేవబోతే ఇంకొకడు బూటుకాలితో కడుపులో తన్నాడు. నేను మీదపడి అడ్డుకున్నాను. రెండో తన్ను నా వీపు మీద పడింది.

అంతలో చిన్నాయిన గడ్డపారతో వచ్చాడు. అన్న నెత్తురు చూశాక అతన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. మొదటి దెబ్బ తాళం మీద, తర్వాతిది కమిటీ పెద్ద మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా విన్నాను. "మా ఊర్ల మమ్మల్నే కొడ్తర్రా!" అంటూ పక్కనున్న కారు అద్దాలన్నీ పగలగొట్టాడు. డాక్టరు వచ్చిన దారినే పారిపోయాడు.

నాయినను ఇంటికి మోసుకొచ్చి తలకు గుడ్డ కడుతుండగానే, క్రికెట్ బ్యాట్లు, ఇనుప రాడ్లు పట్టుకుని కాలనీ మగవాళ్లు గుంపుగా వచ్చిపడ్డారు. చిన్నాయినను కింద పడేసి కొట్టారు. కొందరు కొట్టంలోకి దూరారు. అమ్మ కొడవలి పట్టుకుని బర్రె ముందు నిలబడింది. ఒకడు ఆమెను తప్పించుకుని నొప్పులు పడుతున్న బర్రె నడుం మీద రాడ్డుతో కొట్టాడు. బర్రె ముందుకాళ్ల మీద కూలింది. అమ్మ కొడవలి విసిరింది. వాడి ముంజేయి తెగి నెత్తురు గోడ మీద చిమ్మింది.

అప్పుడొచ్చింది పక్క వీధి ఆంటీ. గుంటూరు వైపువాళ్లు, మా దగ్గరే పాలు పోయించుకునేవాళ్లు. గుంపును తోసుకుంటూ వచ్చి అమ్మకు అడ్డంగా నిలబడింది.

"మీకేమైనా బుద్ధుందా? అది ఈనుతోందిరా! కొట్టకండి!"

అమ్మ మీదికి ఎత్తిన రాడ్డు ఆగలేదు, ఆవిడ మణికట్టు మీద పడింది. ఆవిడ చెయ్యి పట్టుకుని పేడలో కూర్చుండిపోయింది.

"మేడమ్, మీరెందుకొచ్చారు మధ్యలో?" అన్నాడు కొట్టినవాడు, బిత్తరపోయి.

ముందు వరసలోవాళ్లు రాడ్లు కిందికి దించారు. ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు.

సాయంత్రానికి బర్రె చనిపోయింది, కడుపులో దూడతో సహా.

రెండువైపులా కేసులయ్యాయి. చిన్నాయిన కొంతకాలం జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత పెద్దమనుషులు రాజీ కుదిర్చి అందరినీ పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టారు. కమిటీ పెద్ద చేతికి ఇంకా కట్టు ఉంది. బల్లవైపు చూస్తూ "ఏదో కోపంలో జరిగిపోయింది, క్షమించండి" అన్నాడు. దెబ్బ తగిలిన చెవి నాయినకు మళ్లీ వినబడలేదు. ఆ చెవే అతనివైపు ఉంది.

"ఏమంటుండు బిడ్డా?"

"తప్పయిందంటుండు నాయినా," అన్నాను గట్టిగా.

నాయిన అతనివైపు తిరిగాడు. "బర్రెకు జెప్పుమను," అన్నాడు.

చూపించినచోట సంతకం పెట్టి లేచాడు.

చిన్నాయిన జైలు నుంచి వచ్చాక ఇల్లమ్మి సూరారం వెళ్లిపోయాడు. మేం పోలేదు. "నేనెందుకు పోవాలె?" అంటాడు నాయిన, అడిగినవాళ్లందరితో. గేటు ఉంది కానీ తాళం వేయడం లేదు. ఆంటీని కాలనీ ఆడవాళ్లు పేరంటాలకు పిలవడం మానేశారు. "మనవాళ్లకు ఎదురు నిలబడింది" అంటారట. ఆవిడ మణికట్టు సరిగ్గా అతకలేదు, దువ్వెన పట్టుకుంటే జారిపోతుంది. అందుకని అమ్మ రోజూ సాయంత్రం వెళ్లి ఆవిడకు జడ వేసి వస్తుంది.

మొన్న నేనూ వెంట వెళ్లాను. "చెయ్యి ఇంకా నొప్పి పెడుతోందా ఆంటీ?" అని అడిగాను, అలవాటైన కాలనీ తెలుగులో.

అమ్మ చెయ్యి ఆపకుండానే నావైపు కోపంగా చూసింది. "ఈమె ముంగట సుత గట్ల మాట్లాడుతవేందే? ఇంట్ల మాట్లాడినట్లు సక్కగ మాట్లాడు," అంది.

ఆంటీ నవ్వలేదు. తల వంచి, జడ పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుంది.