నాలుగు తాబేళ్లు మోసిన రాజేశమన్న

ఒట్టు, ఇది జరిగింది. నమ్మకపోతే మానేయండి, నాకూ నమ్మబుద్ధి కాదు.

సిరిసిల్ల దగ్గర బట్టల గోదాములో నాది నైట్ డ్యూటీ. బట్ట తానులు మోసేది రోబోలు. చదునుగా ఉంటాయి, మేం తాబేళ్లంటాం. తానులు పేర్చే పెద్ద బల్ల ఎత్తాలంటే కిందికి నాలుగు దూరి ఒక్కసారే లేపుతాయి. వాటికి మేస్త్రీ లేడు. ఒక మూల బరువు పెరిగితే పక్కది సర్దుకుంటుంది. మా చందుర్తిలో పాడె మోసేవాళ్లకు కూడా అంత పొత్తు లేదు. వాటికి వెలుతురు అక్కర్లేదని రాత్రి లైట్లు కూడా ఆర్పేస్తారు.

బల్ల అడుగున స్టిక్కర్ ఉంటేనే ఎత్తుతాయి. అందుకే మాలో ఎవరైనా కునుకు తీయాలంటే స్టిక్కర్ పీకేసి బల్లెక్కుతాం.

ఆ రాత్రి రాజేశమన్న ఎక్కాడు. కోరుట్ల మనిషి. పన్నెండేళ్లు దుబాయిలో మోసి వచ్చి, ఇక్కడా మోస్తున్నాడు. స్టిక్కర్ నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, నాలుగ్గొట్టంగ లేపు. నీ మీదనే భరోసా."

అదే ఆయన చేసిన తప్పు. గురక మొదలవగానే స్టిక్కర్ మళ్లీ అంటించి, తాబేళ్లకు పని చెప్పే స్క్రీన్ మీద 'గేటు' నొక్కాను. వాచ్‌మన్ ముందు కళ్లు తెరిస్తే ఆ మొహం వీడియో తీయాలని.

చిర్ర్... చిర్ర్... నాలుగూ వచ్చాయి. దూరాయి. లేపాయి. గురక ఆగలేదు... అంత మెత్తగా.

గేటు కుడివైపు. అవి ఎడమకు తిరిగాయి.

ఎడమన ఉన్నది ఒకటే. పాడైన బట్టను నొక్కి మూట చేసే ప్రెస్సు. ధన్... ధన్...

స్క్రీన్ మీద ఒకటో నంబరును ఆపాను. అది కిందికి దిగి ఉండిపోయింది. మిగతా మూడు జరిగి దాని బరువు పంచుకున్నాయి. రెండోదాన్ని ఆపాను. మిగిలిన రెండూ నడుమకు జరిగాయి... నడుస్తూనే ఉన్నాయి. ఇంకోటి ఆపితే బల్ల ఒరుగుతుంది. ఉరికాను.

"అన్నా! దునుకే!"

గురక.

చీకట్లో బట్ట తాను కాలికి తట్టుకుని బోర్లా పడ్డాను. తలెత్తేసరికి... ప్రెస్సు ముందు అవి ఆగి ఉన్నాయి. నా పక్కనుంచి చిర్ర్... నేను ఆపినవి రెండూ వెళ్లి వాటితో కలిశాయి. వాటివి నాలుగు చిన్న లైట్లు. ఒకటి వెలిగింది... ఇంకోటి... మళ్లీ మొదటిది. మాట్లాడుకుంటున్నట్టు.

బల్లను మెల్లగా దించాయి.

అన్న లేచాడు. "నాలుగైందారా?"

"కాలేదే."

"మరి నేను గీడికెట్లచ్చిన?"

"నిద్రల నడుసుకుంట అచ్చినవ్. డాక్టరుకు సూపెట్టుకో."

తెల్లారి ఇంజనీరు స్క్రీన్‌లో రికార్డు చూసి అన్నాడు: "బరువు బట్ట లెక్కకు కుదరలేదు. పాడైన సరుకనుకున్నాయి. వాటి పని అవి సరిగ్గానే చేశాయి."

"మరి ఎందుకాగినయ్ సార్?"

"నువ్వే ఆపావుగా?"

నేను ఆపలేదు.

ఆ పని ఇంకా స్క్రీన్ మీదే ఉంది. లోడు ఒకటి. ప్రెస్సుకు. వాయిదా. బరువు అరవై ఎనిమిది కిలోలు.

అన్న ఎముకల గూడు, యాభై దాటడు.

మొన్న కోరుట్ల బస్టాండులో బరువు మిషను ఎక్కాను... అరవై ఎనిమిది.

ఆ రోజు నుంచి రాత్రిళ్లు అన్నం మానేశాను. నేను తగ్గుతున్నాను. స్క్రీన్ మీద అంకె కూడా తగ్గుతోంది.