అత్తగారి చెవిలో లూసర్న్

మా అత్తగారికి చెవులు వినపడవన్న సంగతి ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబా ఊళ్ళో మా వీధి మొత్తానికి తెలుసు. ఒక్క మా అత్తగారికే తెలియదు. ఆవిడ లెక్కలో లోపం ఆవిడ చెవుల్లో లేదు, మా నోళ్ళలో ఉంది. "మీరంతా నోట్లో నోట్లో గొణుగుతారు. మా కాలంలో మనుషులు నోరు తెరిచి మాట్లాడేవాళ్ళు" అంటారు. నేను నోరు తెరిచి మాట్లాడానంటే పక్కింటి ఆస్ట్రేలియన్ పెద్దాయన ఫెన్స్ మీంచి తొంగిచూసి "అంతా ఓకేనా?" అని అడుగుతాడు. ఒకసారి "కుక్కర్ మూడు కూతలయ్యాక కట్టేయండి" అని చెబుతుంటే ఆయన నిజంగానే ఇంటికొచ్చి బెల్లు కొట్టాడు.

మా ఆయన రెండేళ్ళ కిందట వాళ్ళమ్మకి చెవి మిషన్ తెచ్చారు. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, కొలతలు తీయించి, మంచిదే తెచ్చారు. ఆవిడ ఒక్కరోజు పెట్టుకున్నారు. "ఈ పురుగుని చెవిలో పెట్టుకు తిరిగితే చూసినవాళ్ళు చెవిటిదనుకోరూ?" అని తీసి సొరుగులో పడేశారు. టూవూంబాలో మిమ్మల్ని చూసేదెవరండీ అత్తయ్యా, కంగారూలా, అని నేనంటే తలూపారు.

ఆ తలూపుడు గురించి చెప్పి తీరాలి. వినపడనప్పుడల్లా ఆవిడ చిన్నగా నవ్వి, ఎంతో మర్యాదగా, సరిగ్గా రెండుసార్లు తలూపుతారు. కొత్తవాళ్ళయితే, అబ్బ, ఈవిడ ఎంత శ్రద్ధగా వింటున్నారో అనుకుంటారు. ఇంట్లోవాళ్ళకి తెలుసు, ఆ రెండు ఊపులకీ అర్థం ఒక్క ముక్క కూడా లోపలికి వెళ్ళలేదని.

దీనివల్ల నాకో సుఖం ఉండేది, దాచడమెందుకు. కొన్నేళ్ళుగా ఆవిడ ఎదుటే ఆవిడ మీద అనాలనుకున్నవన్నీ అనేస్తున్నాను. గొంతు పెంచకుండా, కూర కలుపుకుంటూ, మొహం మీద నవ్వు చెదరకుండా. ఆవిడ తలూపుతారు, నా మనసు తేలికపడుతుంది, ఇద్దరం కలిసి భోంచేస్తాం. ఇంత హాయి ఏ కోడలికుంటుంది చెప్పండి! చెవిటివాడి ముందు శంఖం ఊదితే లాభం లేదన్నవాడు ఎప్పుడూ కోడలై పుట్టి ఉండడు.

కష్టమల్లా మా అమ్మాయితో వచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. ఒక్క నానమ్మ దగ్గరే కూడబలుక్కుని తెలుగులో చెప్పేది. ఒకసారి చెప్పేది. రెండోసారి గట్టిగా చెప్పేది. మూడోసారి అరిచేది. నానమ్మ తలూపేవారు. అప్పుడు "నెవర్ మైండ్, నానమ్మా" అని వెళ్ళిపోయేది. మొదట్లో ఆ మాట వారానికోసారి వినేదాన్ని, తర్వాత రోజూ వినేదాన్ని. ఈ మధ్య అదీ వినపడడం లేదు, ఎందుకంటే పిల్ల చెప్పడమే మానేస్తోంది. నాకు నిజంగా భయం వేసింది. అత్తగారితో నా గొడవ నాది. దానికున్నది ఒక్క నానమ్మ.

ఇట్లా ఉండగా మా ఆయన్ని యూనివర్సిటీ వాళ్ళు స్విట్జర్లాండ్‌లో ఏదో కాన్ఫరెన్స్‌కి పంపించారు. మేం ముగ్గురం తోక పట్టుకుని వెళ్ళాం. కాన్ఫరెన్స్ అయిపోయాక ఒకరోజు మిగిలితే, సరస్సు ఒడ్డున లూసర్న్ అని ముచ్చటైన ఊరుంది, అక్కడ గైడు వెంట నడిచి చూసే టూర్‌కి టికెట్లు తీసుకున్నాం. అత్తగారు పట్టుచీర కట్టుకుని, దాని మీద కొడుకు పఫర్ జాకెట్ వేసుకుని, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు తొడుక్కున్నారు. బయల్దేరేముందు "చెవి మిషన్ తెచ్చుకున్నారా?" అని చెవిలో అరిచాను. రెండుసార్లు తలూపారు.

గైడు పొడుగ్గా, ఎర్ర గొడుగు పట్టుకుని ఉన్న ముసలాయన. వచ్చిన ఇరవై మందికీ తలా ఒక చిన్న డబ్బా ఇచ్చాడు. డబ్బా మెడలో వేసుకోవాలి, దాని తీగ చివరున్నది చెవికి తగిలించుకోవాలి. ఆయన కాలర్ మైకులో మెల్లిగా మాట్లాడితే అందరి చెవుల్లోనూ పడుతుందన్నమాట. నేను భయంభయంగా అత్తగారి వంక చూశాను. ఆవిడ చుట్టూ చూశారు. పడుచుపిల్లలు పెట్టుకున్నారు, సూటు వేసుకున్నాయన పెట్టుకున్నాడు, కొత్తగా పెళ్ళయినట్టున్న జంట ఒకరికొకరు పెట్టుకున్నారు. ఎవరూ ఎవర్నీ చెవిటివాళ్ళనుకోవడం లేదు. ఆవిడ దిద్దు సర్దుకుని, తనూ తగిలించుకుని, డబ్బా మీద సౌండు పెంచే చిన్న చక్రముంటే పాత రేడియో తిప్పినట్టు ఆ చివరిదాకా తిప్పేశారు.

"అమ్మగారికి ఏ భాష?" అని గైడు అడిగాడు. తెలుగు అన్నాను. ఆయనకి తెలుగు రాకపోవడం తన తప్పే అన్నట్టు నొచ్చుకుని, సంచిలోంచి ఇంకో మైకు తీసి నా కాలర్‌కి పెట్టాడు. ఆవిడ డబ్బాలో ఛానెల్ మార్చాడు. ఇక ఆవిడ చెవిలో మాట్లాడేది నేనొక్కదాన్నే.

"వినపడుతోందా అత్తయ్యా?" అన్నాను.

చిన్నగా నవ్వి, రెండుసార్లు తలూపారు.

మామూలే అనుకున్నాను. అనుకుని, ఇంట్లో ఎట్లా మాట్లాడతానో అట్లాగే మొదలుపెట్టాను.

ముందు చెక్క వంతెన ఎక్కాం. కప్పున్న వంతెన, లోపల దూలాల కింద పాతకాలపు బొమ్మలు. గైడు అయిదు నిమిషాలు చెప్పాడు. నేను, "అత్తయ్యా, చెక్క వంతెన. చాలా పాతది. ఒకసారి తగలబడితే మళ్ళీ కట్టారు. బొమ్మలు చూడండి" అన్నాను. అంతేనా అన్నట్టు చూశాడు గైడు. మా భాషలో క్లుప్తత ఎక్కువని చెప్పాను. దేవుడు క్షమించాలి.

వంతెన పక్కనే నీళ్ళలోంచి లేచిన రాతి బురుజు ఉంది. ఒకప్పుడు జైలట. "దొంగల్ని ఇందులో పెట్టి చిత్రహింసలు పెట్టేవాళ్ళట అత్తయ్యా. ఎంత హింస పెట్టినా, చలికాలంలో టూవూంబాలో ఇడ్లీపిండి పులవలేదని రోజూ పొద్దున్నే కోడల్ని సాధించినంత హింస అయితే కాదులెండి" అన్నాను. అత్తగారు బురుజుని పైనుంచి కింది దాకా చూసి, మర్యాదగా తలూపారు. మా ఆయన నా చెయ్యి గిల్లారు.

"మెల్లిగా. మైకులో మాట్లాడుతున్నావు, అమ్మకి వినపడుతుందేమో."

"ఆవిడకా? పక్కన బాంబు పేలితే, ఎవరో తలుపు కొడుతున్నట్టున్నారు చూడమ్మాయ్ అంటారు" అన్నాను.

ఎందుకో అప్పుడే అత్తగారికి దగ్గొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగి చాలాసేపు దగ్గారు. నీళ్ళ సీసా ఇచ్చాను. చలిగాలి పడలేదేమోనని జాలి కూడా పడ్డాను, పిచ్చిమొహాన్ని.

తర్వాత పాత కోటగోడ. దాని మీదున్న గడియారం ఊళ్ళో గడియారాలన్నిటికన్నా ఒక్క నిమిషం ముందు గంట కొడుతుందట, అది దానికున్న హక్కట. "మన ఇంట్లో మీలాగేనండీ. మీరు లేచారంటే ఊరు లేవాల్సిందే. ఆదివారమని కూడా ఉండదు" అన్నాను. ఆవిడ గడియారం వంక ఆప్యాయంగా చూశారు. అక్కణ్ణుంచి కొండరాయిలో చెక్కిన సింహం దగ్గరికెళ్ళాం. చచ్చిపోతున్న సింహం. దేశంకాని దేశంలో కొలువుకెళ్ళి అక్కడే చచ్చిపోయిన సైనికుల జ్ఞాపకమని గైడు గొంతు తగ్గించి చెప్పాడు. అది మాత్రం నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అత్తగారు "అయ్యో పాపం" అని కళ్ళొత్తుకున్నారు. సింహం మొహం అంత దీనంగా ఉంది మరి, రాయి చూసినా ఏడుపొస్తుంది అనుకున్నాను. ఇంత తెలివితక్కువతనం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

చివరికి సరస్సు ఒడ్డుకి చేరాం. గైడు పది నిమిషాలు వదిలేశాడు. ఎదురుగా మంచుకొండలు, నీళ్ళలో హంసలు. అత్తగారు బెంచీ మీద కూచున్నారు. మా అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. "నానమ్మా, ఆ స్వాన్‌కి బేబీస్ ఉన్నాయి, వీపు మీద కూచున్నాయి, చూడు" అంది. దాని దగ్గర మైకు లేదు. ఆవిడ చెవిలో ఆ మాట పడలేదు. నవ్వి, రెండుసార్లు తలూపారు. పిల్ల ఇంకోసారి చెప్పబోయి, ఆగి, "నెవర్ మైండ్" అనేసి నీళ్ళవైపు వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఒక్కసారిగా ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వస్తే నా నోటికి పగ్గాలుండవు.

"చూశారా? మీకేం వినపడదని తెలుసు, అయినా చెబుతున్నాను. అది మీతో మాట్లాడడం మానేస్తోంది అత్తయ్యా. మొన్న స్కూల్లో బహుమతొచ్చిందని మూడుసార్లు చెప్పింది. మీరు 'జాగ్రత్తగా వెళ్ళిరా తల్లీ' అన్నారు. గదిలోకెళ్ళి ఏడ్చింది. మీతో చెబితే బాధపడతారని నేనే దాచాను. ఇంకో రెండేళ్ళయితే ఏడవడం కూడా మానేస్తుంది. అలవాటైపోతుంది దానికి. నన్ను మీరు వినకపోతే పీడాపోయింది, దాన్ని వినండి! ఎవరో చెవిటిదనుకుంటారని సొంత మనవరాలిని పోగొట్టుకుంటారా?"

అత్తగారు తలూపలేదు. హంసల వంకే చూస్తూ, మామూలు గొంతుతో, "బహుమతి దేనికొచ్చింది?" అన్నారు.

తేలు కుట్టిన దొంగలా అయిపోయాను. బురుజు దగ్గర అన్నది, గడియారం దగ్గర అన్నది, బాంబు, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

"మీకు... ఎప్పట్నుంచి వినపడుతోంది?"

"చెక్క వంతెన దగ్గర్నుంచీ. గైడు అంతసేపు చెబితే నువ్వు నాలుగు ముక్కలు చెప్పావు. అదేం బాలేదు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆపేస్తావుగా" అన్నారు. ఆవిడ మొహంలో కోపం లేదు. కోపమున్నా బాగుండేదనిపించింది. "ఇంట్లో ఇన్ని మాటలు నడుస్తున్నాయని నాకు తెలీనే తెలీదమ్మాయ్. నేనొచ్చాక మీరు మాట్లాడుకోవడమే మానేశారనుకున్నాను. నేనుండడం ఇష్టంలేక ఇల్లంతా మూగనోము పట్టిందనుకునేదాన్ని. నువ్వు తిడుతుంటే ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇల్లు ఇల్లులాగే ఉందన్నమాట."

క్షమించండని అడగబోయాను.

"అవన్నీ తర్వాత. ఇడ్లీపిండిలో మెంతులు తక్కువేస్తున్నావు, అందుకే పులవడం లేదు. అది నీ తప్పే" అన్నారు. "ఇంతకీ బహుమతి దేనికో చెప్పవేం?"

చెప్పబోయి ఆగాను. అది నేను చెప్పాల్సింది కాదు. పిల్లని పిలిచి, నా కాలర్‌నున్న మైకు తీసి దాని స్వెటర్‌కి పెట్టాను. "నానమ్మకి నీ ప్రైజ్ గురించి చెప్పు. అరవక్కర్లేదు, మామూలుగా చెప్పు" అన్నాను. అది నన్ను నమ్మలేదు. బెంచీకి నాలుగడుగుల దూరంలో నిలబడి, బూటుతో కంకర తోసుకుంటూ, నాకే సరిగా వినపడనంత మెల్లిగా మొదలుపెట్టింది.

"నానమ్మా, నాకు స్కూల్ స్విమ్మింగ్ పోటీల్లో రిబ్బన్ వచ్చింది. బ్యాక్‌స్ట్రోక్‌లో. ఫస్ట్ కాదు, థర్డే. నీళ్ళు ముక్కులోకి వెళ్ళాయి, అయినా నేను ఆపలేదు."

అత్తగారు కదల్లేదు. మెడలోని డబ్బాని రెండు చేతులతో గుండెకి అదుముకుని కూచున్నారు. అవతల గైడు ఎర్ర గొడుగు ఎత్తి అందర్నీ పిలుస్తున్నాడు.

"మళ్ళీ చెప్పు" అన్నారు.

పిల్ల మొహం వాడిపోయింది. నా వంక ఒక చూపు చూసి, ఊపిరి గట్టిగా పీల్చుకుని, ఎప్పటిలాగే గొంతు చించుకుని "నానమ్మా! నాకు!" అని అరిచింది. అత్తగారు ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. రెండో చెయ్యి దానివైపు చాపారు.

"అరవకే తల్లీ, వినపడింది. అంతా వినపడింది. ఇందాక చెప్పినట్టే, మెల్లిగా, మళ్ళీ చెప్పు."