పనసకాయ మటన్, సొరకాయ మూలుగ

అది రెండువేల రెండో సంవత్సరం. మాదాపూర్ వైపు రాళ్ళగుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న కాలం. ఫిల్మ్ నగర్లో స్టూడియోకి దిగువన, రేకుల షెడ్డులో నా వంటిల్లు ఉండేది. ఆ రోజుల్లో తెలుగు సినిమా మొత్తం నా చేతి అన్నం తినే బతికింది. హీరోలు, హీరోయిన్లు, దర్శకులు, అందరికీ నా క్యారియరే.

సరే, అంత లేదు. హీరోలెవరూ తినలేదు. ఒక హీరోగారి డ్రైవరు కొన్నాళ్ళు తిన్నాడు. మిగతావాళ్ళు మేకప్ వాళ్ళు, లైట్ మెన్, ఎడిటింగ్ రూముల్లో కూర్చునేవాళ్ళు, ఆ తర్వాత కొత్తగా మెడలో ట్యాగులు వేసుకు తిరిగే సాఫ్ట్‌వేర్ పిల్లలు. కానీ ఫైట్ మాస్టర్ భిక్షపతి తిన్నమాట నిజం. చెప్పదలుచుకున్నది ఆయన గురించే.

ఫైట్ మాస్టర్ అంటే సినిమాలో కొట్లాటలు కూర్చేవాడు. ఆయన కింద ఒక పాతికమంది ఫైటర్లుంటారు. హీరో కొడితే ఎగిరి పడేది వీళ్ళే. భిక్షపతి మాస్టర్ మోతీనగర్ మనిషి. యాభై దాటినా స్తంభంలా ఉండేవాడు. మధ్యాహ్నం లంచ్ బ్రేక్ అనగానే ఫైటర్లందరూ చుట్టూ కూర్చుంటే, మధ్యలో ఆయన క్యారియర్ విప్పేవాడు. అందులో ఎప్పుడూ మటనే. అందులో ఒక నల్లి ఉండి తీరాలి. నల్లి అంటే లోపల మూలుగ ఉండే గొట్టం ఎముక. అది ఆయన తినడు. "ఇయ్యాల ఎవడు మంచిగ పడ్డడురా?" అని అడిగి, ఆ రోజు అందరికన్నా కష్టమైన పాటు పడ్డవాడి పళ్ళెంలో తన చేత్తో వేస్తాడు. వాళ్ళకి అవార్డు ఫంక్షన్లు లేవు. ఆ నల్లే అవార్డు.

ఆ చలికాలంలో ఆయన గుండెలో రెండు చోట్ల స్టెంట్లు వేశారు. స్టెంట్ అంటే మూసుకున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. ఊరెళ్ళాడని అందరికీ చెప్పారు. డాక్టరు రెండు మాటలు గట్టిగా అన్నాడట. ఒకటి, మటన్ బంద్. కూరగాయలు, పప్పు, వారానికి రెండుసార్లు చేప, అదీ వేపుడు కాదు, ఉప్పు తక్కువ. రెండు, కుర్చీలో కూర్చుని ఫైట్లు చెప్పుకోవచ్చు గానీ దూకడాలు, వేలాడడాలు ఇక లేవు.

ఆయన భార్య యాదమ్మను వెంటబెట్టుకుని నా షెడ్డుకి వచ్చాడు.

"సుబ్బన్నా, నువ్వు నాకు గడ్డి పెట్టాలె. కని అది మటన్ లెక్క కనవడాలె" అన్నాడు.

"ఎందుకు మాస్టర్ ఈ దాగుడుమూతలు? డాక్టరు వద్దన్నాడని చెప్పేస్తే పోలేదా?"

"చెప్తే పోయేది నేనే. మాస్టర్ సొరకాయ తింటుండని పన్నెండు గంటలకు ప్రొడక్షన్ వాళ్ళకు తెలుస్తది. ఒంటిగంటకు ఫిల్మ్ నగర్ అంతా తెలుస్తది. తెల్లారి నా ఫోను మోగది. గీ కొత్త ప్రొడ్యూసర్ సాఫ్ట్‌వేర్ కెల్లి వచ్చిండు, మాటకొస్తే ఫిట్నెస్ అంటడు. చెన్నైకెల్లి పడుచు మాస్టర్లను పిలుస్తమని ఇప్పటికే అంటున్నరు. నేను పోతే నా పోరగాండ్లు గూడ రోడ్డు మీదికొస్తరు."

యాదమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. "అన్నా, ఆయన పానం నీ చేతుల పెడుతున్న. దాస్తవో, చెప్తవో నాకెర్క లేదు. ఆయన తినేటట్టు జెయ్యి" అంది.

ఇక నా పనితనం చూడండి. పచ్చి పనసకాయను మటన్ ముక్కల్లాగే నార అడ్డంగా వచ్చేటట్టు కోసి, ఉల్లిపాయ నిప్పుల మీద మాడ్చి నూరిన ముద్దలో ఉడికిస్తే రంగు అచ్చం అదే. ఉప్పు తగ్గించిన లోటు చుక్కకూర తీరుస్తుంది. మటన్ కూర పైన కొవ్వు తేలుతుంది కదా. దానికోసం చివర్న ఒక్క చెంచా నూనె పైపైన పోసేవాణ్ణి. పనసకాయ దొరకని నెలల్లో మీల్ మేకర్, అంటే సోయా ఉండలు, నానబెట్టి పిండి వాడేవాణ్ణి. చేపరోజున బొచ్చెను ఆవిరికి పెట్టి, ముళ్ళు ఏరి, మెంతికూరతో పొడిపొడిగా చేస్తే ఖీమా. ముళ్ళు ఏరడానికే నాకు పొద్దంతా పట్టేది. ఒక్క ముల్లు పంటికి తగిలినా బండారం బయటపడుతుంది.

మొదటి రోజు నేనే క్యారియర్ పట్టుకెళ్ళి సెట్లో ఒక మూల నిలబడ్డాను. మాస్టర్ మూత తీశాడు. వాసన కొట్టింది. ఫైటర్లు మెడలు చాచారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నల్లి! పనసచెట్టుకి ఎముకలు కాయవు కదా. కూర రంగు, రుచి, జిడ్డు అన్నీ చూసుకున్న మహానుభావుణ్ణి ఎముక మరిచిపోయాను.

మాస్టర్ గరిటెతో ఒకసారి కెలికాడు. చుట్టూ చూశాడు. "ఇయ్యాల ఎవడూ సక్కగ పడలే. నల్లి లేదు, పో!" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆయన కుడిభుజం లాంటి నర్సింగ్ మాత్రం పెదాలతోనే నవ్వాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆ మర్నాటి నుంచి బోరబండ మటన్ షాపులో నల్లులు తెచ్చేవాణ్ణి. కానీ మూలుగలో ఉన్నదంతా కొవ్వు. అది కరిగి కూరలో దిగితే డాక్టరు మాట మట్టిలో కలిసినట్టే. అందుకని ఎముకను విడిగా ఉడికించి, లోపలిదంతా దులిపేసి, వేడినీళ్ళతో కడిగేవాణ్ణి. ఖాళీ గొట్టం ఇస్తే తెలిసిపోతుంది కదా? ఉడికించిన సొరకాయ గుజ్జులో ఇంత మిరియాలపొడి కలిపి లోపల కూరేవాణ్ణి. పైన మూలుగలాగే తెల్లగా, వణుకుతూ ఉండేది. నా జీవితంలో అంత గొప్ప వంటకం ఇంకొకటి చెయ్యలేదు.

ఆ రోజు నల్లి నర్సింగ్‌కి పడింది. నోట్లో పెట్టుకుని చప్పుడొచ్చేలా జుర్రాడు. 

"ఎట్లుందిరా?" అని అడిగాడు మాస్టర్.

"జబర్దస్త్ ఉంది మాస్టర్! సుబ్బన్న చెయ్యి పడితే గంతే!"

నేను ఆ సాయంత్రం షెడ్డులో ఒక్కణ్ణే ఈల వేసుకున్నాను. ఫిల్మ్ నగర్లో మేడను అట్టముక్కలతో కడతారు, వానను రబ్బరు గొట్టంతో కురిపిస్తారు. సొరకాయతో మూలుగ చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అని పదిమందికి చెప్పాలనిపించింది. చెప్పకూడదు. అదొక్కటే బాధ.

కొన్ని నెలలు అలా గడిచాయి. మాస్టర్ ఒళ్ళు తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. డాక్టరు సంతోషించాడు. యాదమ్మ నాకో స్వెట్టర్ కొనిచ్చింది. రోజుకొకడికి నల్లి పడేది, ప్రతివాడూ లొట్టలేసేవాడు. ఎవడూ కనిపెట్టలేదు. అందులో సందేహం లేదనే అనుకున్నాను.

ఆ కొత్త నిర్మాత సినిమాకే క్లైమాక్స్ ఫైట్ వచ్చింది. సెట్లో మేడ కట్టారు. మొదటి అంతస్తు బాల్కనీ నుంచి హీరో వెనక్కి పడాలి. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి పైన పరుపు వేస్తారు. దాన్నే వాళ్ళు బెడ్ అంటారు. అలా ఎలా పడాలో హీరోగారికి బోధపడలేదు. నిర్మాత వాచీ చూసుకుంటూ మేనేజరుతో, మాస్టర్‌కి వినబడేటట్టే, "చెన్నై ఆయన్ని పిలిపిద్దామా? ఈయనకి ఓపిక ఉన్నట్టు లేదు" అన్నాడు.

మాస్టర్ కుర్చీలోంచి లేచాడు. "నేనే చేసి చూపిస్త."

నర్సింగ్ ఒక్క గంతులో ముందుకొచ్చాడు. "నేను చేస్త మాస్టర్. మీకెందుకు, జర కూసోండ్రి."

"ఎందుకురా కూసునుడు? నాకేమైంది?"

నర్సింగ్ నోరు తెరిచాడు, మూశాడు. పాతికమంది ఫైటర్లు నేల చూశారు. నేను క్యారియర్ పట్టుకుని లైటు స్టాండు పక్కన నిలబడి ఉన్నాను. ఆయనకేమైందో నాకు తెలుసు. కానీ సెట్లో అందరి ముందు ఆ మాట ఎలా అంటాను? నాకొక్కడికే తెలుసు కదా, నేను నోరు విప్పితే ఆయన బతుకు నేనే తీసినట్టవుతుంది కదా అనుకున్నాను. అడ్డుపడబోయాను, ఎవరో లాగారు, అని రాయొచ్చు. అదేం లేదు. కాళ్ళు కదల్లేదు.

ఆయన బాల్కనీ ఎక్కాడు. అటు తిరిగి, చేతులు చాచి, వెనక్కి పడ్డాడు. అంత అందంగా పడినవాణ్ణి నేనింకా చూడలేదు. సెట్టంతా చప్పట్లు. హీరోగారు పరుగెత్తుకెళ్ళి చెయ్యి అందించారు. మాస్టర్ లేచి, నవ్వి, దుమ్ము దులుపుకుని, "అన్నం తెండ్రి" అన్నాడు. కూర్చోబోతూ పక్కకి ఒరిగిపోయాడు.

బంజారా హిల్స్ ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కానీ గుండె కండరంలో సగం చచ్చిపోయిందన్నారు. కొట్టుకుంటుంది గానీ పంపింగ్ సరిగ్గా లేదు, ఈసారి కుర్చీలో కూర్చుని చేసే పని కూడా లేదు అన్నారు. చెన్నై మాస్టర్ తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. భిక్షపతి మాస్టర్ భయపడ్డట్టే, తెల్లారి ఆయన ఫోను మోగలేదు. ఆ తర్వాత కూడా మోగలేదు.

మోతీనగర్లో ఇంటికి వచ్చాక కూడా నేనే క్యారియర్ పట్టుకెళ్ళేవాణ్ణి. ఇప్పుడు దాచాల్సిందేమీ లేదు. సొరకాయను సొరకాయలాగే, చేపను చేపలాగే వండేవాణ్ణి. ఆయన రెండు ముద్దలు తిని తోసేసేవాడు. ఒకరోజు అడిగాడు.

"నల్లి ఏదే సుబ్బన్నా?"

"ఇప్పుడెందుకు మాస్టర్?"

"ఇయ్యాల ఎక్కువ పడ్డోణ్ణి నేనే గద. నాకు హక్కు లేదా?"

నవ్వుతూనే అడిగాడు. మర్నాడు పాత పద్ధతిలోనే చేసి పట్టుకెళ్ళాను. కడిగిన ఎముక, లోపల సొరకాయ గుజ్జు. ఆయనకి అపకారం లేదు, సరదా తీరుతుంది అనుకున్నాను. నర్సింగ్ కూడా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మాస్టర్ నల్లి నోట్లో పెట్టుకుని జుర్రాడు. ఆగాడు. నాలుక మీద ఉన్నదాన్ని మెల్లగా చప్పరించాడు. నేను ఇన్నాళ్ళూ నల్లిలో ఏం కూరుతున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన దాన్ని ఇతరులకి వెయ్యడమేగాని నా క్యారియర్లోది ఏనాడూ తినలేదు.

"ఇది సొరకాయ గదనే."

"అవును మాస్టర్."

"రోజూ ఇదేనా?"

"అవును."

 తర్వాత నర్సింగ్ వైపు తిరిగాడు. "మటన్ల పుట్టి పెరిగిన పోరగాండ్లు. సొరకాయ జుర్రుకుంట ఇన్నొద్దులు వాహ్వా అన్నరా?"

నర్సింగ్ అవునన్నట్టు తల ఊపాడు.

"ఎప్పటికెల్లి తెలుసురా?"

"మొదటి దినం కెల్లి మాస్టర్. నల్లి లేని మటన్ మీరెప్పుడు తెచ్చిండ్రు? అందరికి తెలుసు. బయటోళ్ళకు తెల్వకుండ మేమే సూసుకున్నం."

"మరి ఆనాడు నేను మీదికెక్కుతుంటే నోరేమైందిరా?"

"మాకు తెలుసని మీకు తెలుస్తది గద మాస్టర్" అన్నాడు నర్సింగ్. అని ఏడ్చాడు, ఆరడుగుల మనిషి.

మాస్టర్ తిట్టలేదు. ఎముకను పళ్ళెం అంచున పెట్టి, "అంటే ఇన్నొద్దులు నన్ను పేషెంట్ లెక్కనే సూసిండ్రు. నేనే మాస్టర్ననుకున్న" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఫైటర్లెవరినీ ఇంట్లోకి రానివ్వొద్దని యాదమ్మకి చెప్పాడు. నేను వండినదీ ముట్టలేదు. ఆమె కలిపి పెడితే రెండు ముద్దలు, అదీ ఆమె కోసం. మళ్ళీ పనసకాయలు బజారులోకి వచ్చేలోపే పోయాడు.

నా వంట ఎవరూ కనిపెట్టలేదని ఇందాక రాశాను కదా. అందరూ కనిపెట్టారు. అన్ని నెలలూ నేను కళాఖండం అనుకున్నది, పాతికమంది రోజుకొకరు చొప్పున కళ్ళు మూసుకుని మింగిన సొరకాయ.

మటన్ మాని చేప, కూరగాయలు తింటే గుండె బాగుపడుతుందా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. పడుతుంది. ఆయనకి పడింది, నా కళ్ళతో చూశాను. కానీ మనిషి తిండి ఒక్కటే మార్చుకుని మిగతాదంతా పాత మనిషిలాగే నటించాల్సి వస్తే, ఆ తిండి ఏం చేస్తుంది? పథ్యం ఉన్నవాడికి వంటవాడు ఒక్కడు చాలడు. "ఒరే, నువ్వు రోగివి, దిగు" అని పదిమందిలో అరిచేవాడు ఒకడు కావాలి. అంతమందిమి ఉన్నాం, ఆ ఒక్కడు లేకపోయాడు.

ఆ తర్వాత ఎవరైనా దొంగచాటు పథ్యం అడిగితే ముఖం మీదే తలుపేశానని చెప్పుకుంటాను. వెయ్యలేదు. ఈ ఊళ్ళో ఇంకా చాలామందికి ఉద్యోగం నిలవాలంటే రోగం దాచాలి. వస్తారు, గొంతు తగ్గించి అడుగుతారు. పనసకాయ మటన్ రంగు వచ్చేదాకా వేయించి, పైన ఒక చెంచా నూనె పోసి, క్యారియర్ కట్టిస్తాను.

నల్లి మాత్రం వెయ్యను.