జవాబు రాని రిపోర్టు

2023 ఆషాఢ మాసం. కంచన్‌బాగ్ దగ్గర ఒక చిన్న జన్యు పరీక్షల ల్యాబ్‌లో నేను సాఫ్ట్‌వేర్ పని చూసేదాన్ని. ల్యాబ్ అనగానే జనానికి సూదులూ సీసాలూ గుర్తొస్తాయి. మా గదిలో అవేవీ ఉండవు. రెండు కంప్యూటర్లు, అదేపనిగా గురక పెట్టే ఒక ఏసీ, అంతే. రక్తంలో ఒక జన్యువు మారిందని తెలిశాక ఆ మార్పు మంచిదో చెడ్డదో మాకై మేం చెప్పలేం. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో అలాంటివన్నీ పెద్ద పెద్ద డేటాబేస్‌లలో నమోదు చేసి పెడతారు. ఇంటర్నెట్‌లో వాటిని అడిగి జవాబు తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీ అంటాం. ఎవరో పుణ్యాత్ములు రాసి ఊరికే ఇస్తారు. మాలాంటివాళ్లం కళ్లు మూసుకుని వాడుకుంటాం.

సునంద యాకుత్‌పురా స్టేషన్ దగ్గర బట్టలు కుడుతుంది. ఆమె భర్త కాలు విరిగి ఆపరేషన్‌కు వెళ్లి బల్ల మీదే పోయాడు. మత్తు గ్యాస్ ఇచ్చిన కాసేపటికే ఒళ్లు బిగుసుకుపోయి, వేడి ఎక్కిపోయి, ఎవరి చేతిలోనూ లేకుండా పోయిందట. కొన్ని కుటుంబాల్లో జన్యువుల్లోనే ఈ గుణం ఉంటుంది. ఆ గ్యాస్ తగిలేదాకా మనిషి అందరిలాగే ఉంటాడు. ఇప్పుడు ఆమె ఎనిమిదేళ్ల కూతురు హారికకు టాన్సిల్స్ తీయాలి. నిద్రలో ఊపిరాడక పిల్ల ఉలిక్కిపడి లేస్తోంది. తండ్రి సంగతి విన్న డాక్టర్ ముందుగా పాప రక్తాన్ని మా ల్యాబ్‌కు పంపారు.

రిపోర్టు తీసుకోవడానికి సునంద వచ్చినప్పుడు కౌంటర్‌లో నేనే ఉన్నాను. జన్యువులో ఒక మార్పు ఉంది గానీ, అది హానికరమని ఎక్కడా నమోదు కాలేదని అందులో రాసి ఉంది.

"అంటే ఏం లేనట్టేనా మేడమ్?"

"ఏం లేదమ్మా. ధైర్యంగా చేయించండి."

"మస్తు భయమైతుండె. ఇగ నిమ్మళం. బోనాల తెల్లారి సెలవున్నది గద, బడి పోకుంట ఆనాడే పెట్టుకుంటం" అని రిపోర్టు సంచిలో పెట్టుకుని వెళ్లింది.

ఆ సెలవు రోజు పొద్దున నేను ల్యాబ్‌కు వెళ్లాను. ఎవరూ ఉండరు కాబట్టి కంట్రోల్ నమూనాను నడిపి చూద్దామని. కంట్రోల్ అంటే జవాబు ముందే తెలిసిన పాత నమూనా. అందులోది హానికరమైన మార్పని ఎప్పుడో తేలిపోయింది. సాఫ్ట్‌వేర్ ఆ మాటే చెబితే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆ రోజు అది ఏమీ చెప్పలేదు. తెర మీద ఖాళీ.

మళ్లీ నడిపాను. మళ్లీ ఖాళీయే. లోపలికి వెళ్లి చూస్తే అప్పుడు తెలిసింది. ఆ డేటాబేస్ వాళ్లు తాము ఇచ్చిన కీ, అంటే ఒక రకం గుర్తింపు, లేకుండా అడిగేవాళ్లను తిప్పి పంపడం మొదలుపెట్టారు. ఈమధ్యే పెట్టుకున్న ప్యాకేజీ కొత్త వెర్షన్ ఆ సంగతి మాకు చెప్పకుండా మింగేసి, పని ఆగకూడదని ఖాళీ జాబితాను చేతిలో పెడుతోంది. ఫలానావాళ్లు ఉన్నారేమో కనుక్కు రమ్మని పంపిస్తే, వేసిన తాళం చూసి తిరిగొచ్చి "అట్లాంటివాళ్లు లేరండి" అన్నట్టు.

ఆ వెర్షన్ పెట్టాక బయటికి వెళ్లిన రిపోర్టు ఒక్కటే, హారికది. డేటాబేస్ వెబ్‌సైట్ తెరిచి పాప జన్యువులోని మార్పును నేనే టైపు చేసి వెతికాను. వెంటనే వచ్చింది. పాథోజెనిక్. అంటే రోగం తెచ్చిపెట్టేది.

ఆపరేషన్ ఆ రోజే. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ ఎరగను. సునంద ఫోన్ స్విచ్చాఫ్. పాప రక్తాన్ని పంపిన ఛత్రినాక నర్సింగ్‌హోమ్ ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. ఆటో ఎక్కాను. ఉప్పుగూడ దాటామో లేదో పోలీసులు అడ్డం పెట్టిన బారికేడ్లు. బోనాల అమ్మవారి ఘటాల ఊరేగింపుకు రోడ్డు ఖాళీ చేయిస్తున్నారు. ఎక్కడో డప్పులు మోగుతున్నాయి.

"భాయ్, పాప ప్రాణం మీదికొచ్చింది" అన్నాను.

"ఫికర్ జేయకున్రి మేడమ్, గల్లీలకెళ్లి తీస్కపోత" అని డ్రైవర్ బండిని సందులోకి తిప్పాడు. దారి పొడవునా మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాను.

ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద సునంద కూర్చుని ఉంది. పాప కాళ్లనుంచి తీసిన పట్టీలు గుప్పిట్లో ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

"ఇప్పుడే లోపటికి తీస్కపోయిన్రు. ఏందైంది మేడమ్?"

థియేటర్ తలుపు బాదాను. నర్సు కసిరింది. బాదుతూనే ఉన్నాను. చివరికి మత్తు డాక్టరే బయటికి వచ్చాడు.

"గ్యాస్ ఇచ్చారా సార్?"

"ఇవ్వబోతున్నాను. రిపోర్టు నార్మలే కదా?"

"నార్మల్ కాదు సార్. మా సాఫ్ట్‌వేర్ అడిగినదానికి జవాబే రాలేదు. రాకపోతే లేదని రాసేశాం" అని ఫోన్‌లో ఆ పేజీ చూపించాను.

ఆయన చదివాడు. గబగబా లోపలికి వెళ్లాడు. "మాస్క్ తీసెయ్, పాపను బయటికి పంపు" అన్న కేక వినబడింది. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.

తరువాత ఒక పెద్దాసుపత్రిలో గ్యాస్ లేకుండా, నరం ద్వారా ఇచ్చే మందుతో హారికకు ఆపరేషన్ చేశారు. బాగుంది. మా సాఫ్ట్‌వేర్‌ను నేను తిరగరాశాను. అవతలినుంచి జవాబు రాకపోతే ఇప్పుడు రిపోర్టు అచ్చే అవ్వదు. కౌంటర్‌లో రోజూ లొల్లి అవుతుందని మేనేజర్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. జవాబు రాకపోవడమూ, లేదని జవాబు రావడమూ ఒకటి కాదని చదువుకునే రోజుల్లోనే చెప్పారు. నాకది ఆ తలుపు ముందు అర్థమైంది.

సరిచేసిన రిపోర్టు కోసం సునంద ల్యాబ్‌కు వచ్చింది. పాప ఇక ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ కాగితం చూపించాలి. ఆమె దాన్ని మడవకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"మొన్న లేదంటిరి. ఇయ్యాల ఉన్నదంటున్నరు. రేపు మల్ల ఏమంటరు?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

"తెలియకపోతే తెలియదనే చెబుతానమ్మా."

"గట్లనే చెప్పున్రి మేడమ్. తెల్వదంటే ఇంకో తాన దేవులాడుకుంటం. ఏం లేదంటే మాత్రం, పిల్లను బల్ల మీద పండవెట్టి మేం బయట కూసుంటం."