కిరాయికి పోయిన సొంత కారు

1979 చివరి రోజులు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన, ఒక ఎరువుల దుకాణం పైనున్న రెండు గదుల్లో మా జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ శాఖ నడిచేది. మేనేజరుగారు, నాతో కలిపి ఇద్దరు గుమాస్తాలు, ఒక అటెండరు, అంతే మేము. క్లెయిముల కాగితాలన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. మనిషికి బీమా ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. దుకాణానికీ కారుకీ కూడా ఉంటుందంటే మాత్రం వింతగా చూసేవాళ్ళు. చెరకు లారీలు రోడ్డెక్కే కాలం వచ్చిందంటే ప్రమాదాలు పెరిగేవి, మా పనీ పెరిగేది.

శంకరప్పకు బజారులో సిమెంటు, ఇనుము దుకాణం ఉండేది. ఊళ్ళో మంచి పేరున్న మనిషి. ఆయనకో అంబాసిడర్ కారు ఉండేది. దాన్ని ఆయన ఎక్కింది తక్కువ, పెళ్ళిళ్ళకూ దవాఖానలకూ జనం కిరాయికి తీసుకుపోయింది ఎక్కువ. ఆ కారు నడిపేవాడు నర్సింలు. దుకాణం వెనక గోదాముకు ఆనుకుని ఉన్న ఒక గదిలో నర్సింలు, భార్య సంగమ్మ, ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. ఆ గది కూడా శంకరప్పదే.

డిసెంబరులో కోహీర్‌కు చెందిన గఫార్ అనే దర్జీ, బీదర్‌లో చుట్టాల పెళ్ళికని ఆ కారు మాట్లాడుకున్నాడు. భార్య, పిల్లలు, ముసలి తల్లి, అందరూ కలిసి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు, చీకటి పడే వేళ, చెరకు లారీ ఒకటి ఇరుసు విరిగి రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక దీపం లేదు, అడ్డంగా ఒక రాయి కూడా పెట్టలేదు. నర్సింలు దాన్ని చూసేసరికి చాలా దగ్గరికి వచ్చేశాడు. స్టీరింగును ఎడమకు తిప్పేశాడు. ఎడమవైపు కూర్చున్న ఆడవాళ్ళూ పిల్లలూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. కారు కుడివైపు మాత్రం లారీ వెనక భాగంలోకి దూసుకుపోయింది. నర్సింలు అక్కడికక్కడే పోయాడు. అతని వెనక సీట్లో కిటికీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న గఫార్‌కు కుడి చెయ్యి నలిగిపోయింది. హైదరాబాద్ దవాఖానలో మోచేతి దాకా తీసేశారు. కత్తెర పట్టి బతికే మనిషికి కుడి చెయ్యి పోయింది.

ఇక్కడ మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. కారుకు ఇచ్చే పాలసీ ప్రైవేట్ కార్ పాలసీ అయితే, యజమాని తన ఇంటివాళ్ళనో తెలిసినవాళ్ళనో ఊరికే ఎక్కించుకుంటే పరవాలేదు. డబ్బు తీసుకుని ఎక్కించుకుంటే దాన్ని 'హైర్ ఆర్ రివార్డ్' అంటారు, అంటే కిరాయి వాడకం. అప్పుడు ఆ పాలసీ పనిచెయ్యదు. కిరాయికి తిప్పేవాళ్ళు టాక్సీ పర్మిట్ తీసుకోవాలి, దానికి తగిన పాలసీకి ఎక్కువ ప్రీమియం కట్టాలి. ఆ రోజుల్లో సొంత కార్లకు నల్ల పలక మీద తెల్ల అక్షరాలుండేవి, టాక్సీలకు తెల్ల పలక మీద నల్ల అక్షరాలు. కిరాయికి ఎక్కేవాడు నంబరు పలక చూస్తే చాలు, తెలిసిపోయేది. ఎవరు చూస్తారు? శంకరప్ప కారుకు నల్ల పలకే ఉండేది, మా దగ్గర తీసుకున్నదీ ప్రైవేట్ కార్ పాలసీయే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పటి చట్టం ప్రకారం జీతానికి బండి నడిపేవాడి లైసెన్సు మీద 'పెయిడ్ ఎంప్లాయీ' అని ప్రత్యేకంగా రాసి ఉండాలి. నర్సింలు దగ్గర మామూలు లైసెన్సే ఉంది. అతను జీతగాడని ఒప్పుకుంటే శంకరప్పకు అదొక తప్పు, కిరాయి తీసుకున్నానని ఒప్పుకుంటే అదింకొకటి.

శంకరప్ప ఆఫీసుకు వచ్చినప్పుడు మనిషి సగమై ఉన్నాడు. నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఇలా అన్నాడు:

"నర్సింలు నా దోస్తు మేడం. బండి నడుపుడంటే వానికి షౌక్. జీతం గీతం ఏం లేదు. గఫార్ సుత మాకు ఎరుకైనోడే. పెండ్లికి పోతనంటే బండియ్యమన్న. కిరాయి తీస్కోలే."

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి వేరు. కానీ తెలిసిన సంగతి వేరు, కాగితం మీదికి ఎక్కే సంగతి వేరు. మేనేజరుగారు నన్ను పిలిచి, "భర్త పోయిన మనిషి. మగవాళ్ళం వెళ్తే ఆమె మాట్లాడదు. నువ్వెళ్ళి స్టేట్‌మెంట్ రాసుకుని రామ్మా" అన్నారు.

గోదాము గదికి వెళ్ళాను. సంగమ్మ ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి. చిన్నపిల్ల ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. గది మూలలో ఒక బియ్యం బస్తా ఉంది, శంకరప్ప పంపించిందని తర్వాత తెలిసింది. దినాల ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడని నేనెప్పుడూ అనుకోలేదు.

"నీ భర్త శంకరప్ప దగ్గర పని చేసేవాడా?" అని అడిగాను.

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "లేదమ్మా. సేటుకు దోస్తు."

"జీతం?"

"జీతమెక్కడిది? దోస్తంటిని గద."

నేను కలం పక్కన పెట్టేశాను. "సంగమ్మా, ఒక్క మాట విను. జీతానికి పనిచేస్తూ చనిపోయిన మనిషి ఇంటివాళ్ళకు పరిహారం ఇవ్వాలని చట్టం ఉంది. యజమాని ఇవ్వాలి. దోస్తని రాయిస్తే ఆ దారి నువ్వే మూసుకున్నట్టు. బాగా ఆలోచించుకో. రేపు వస్తాను, ఎల్లుండి వస్తాను, తొందర లేదు."

ఆమె పిల్ల జుట్టు సవరించింది. "కోర్టుల సుట్టు తిరుగుడు నాతోని అయితదా అమ్మా? ఈ గదిల ఉంటున్నం. సేటు సూస్కుంట అన్నడు. ఆయన దుకాణం నిలబడితే మేం బతుకుతం. ఆయననే ముంచితే మేమెక్కడికి పోతం? నువ్వు రాస్కో" అంది.

రాసుకున్నాను. చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది.

గఫార్‌ను చూడటానికి కోహీర్ వెళ్తే అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భార్య మెషీను మీద లంగాలు కుడుతోంది, అతను నోటితో కొలతలు చెప్తున్నాడు. కిరాయి ఇచ్చావా అని అడిగితే, "గిప్పుడేం అడగకు బేటీ. జర మనసు కుదుటపడనీ" అన్నాడు. లేచి వచ్చేశాను.

కొన్ని నెలలకు గఫార్ పరిహారం కోసం సంగారెడ్డిలో ట్రిబ్యునల్‌కు, అంటే మోటారు ప్రమాదాల కేసులు తేల్చే కోర్టుకు, దరఖాస్తు పెట్టుకున్నాడు. శంకరప్ప మీదా, మా కంపెనీ మీదా. కిరాయి ప్రయాణమన్న అనుమానం ఉంది కాబట్టి మా బాధ్యత లేదని కంపెనీ జవాబిచ్చింది. ఆ జవాబు చూసి శంకరప్ప హడలిపోయాడు. కంపెనీ తప్పుకుంటే మొత్తం ఆయన నెత్తి మీదే పడుతుంది. ఆయన వకీలు ఒక కొత్త దారి చూపించాడు. నర్సింలు జీతగాడు కాదని భార్యే చెప్పింది కదా, అయితే అతను యజమానికి చెప్పకుండా కారు తీసుకుపోయి, కిరాయి డబ్బు తన జేబులో వేసుకున్నాడని రాసిస్తే యజమాని మీద బాధ్యత పడదన్నాడు. బండి తానే ఇమ్మన్నానని నా ముందు అన్న శంకరప్ప దాని మీద సంతకం పెట్టాడు.

ఆ సంగతి ఎవరో సంగమ్మకు చెప్పారు. మధ్యాహ్నం ఎండలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను దోస్తన్న గాని దొంగ అన్లేదమ్మా" అంది. "గా కాగితంల ఏం రాసినవ్? సద్వు మల్ల ఒక్కసారి."

చదివాను. దొంగ అన్న మాట అందులో లేదని చెప్పాను. కానీ ఆ కాగితం ఆసరాతోనే ఈ మాట అనగలిగారని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆరేండ్లు నడిపిండమ్మా ఆ బండి. పొద్దుగాల లేసి అద్దాలు తుడ్సెటోడు. సేటు ఇంట్ల ఆడోళ్ళను ఆయన ఒక్కని మీద భరోసతోని పంపేటోళ్ళు. నా బిడ్డలు రేపు దొంగోని బిడ్డలైతరా?"

కోర్టుకు వెళ్ళి నిజం చెప్తానంది. వెళ్ళింది. 1982లో సంగారెడ్డి కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, ఆ స్టేట్‌మెంట్ నేనే రాశానని చెప్పడానికి నన్నూ పిలిచారు. ఆమె బోనులో నిలబడి, తన భర్త శంకరప్ప దగ్గర జీతానికి పనిచేసేవాడనీ, సేటు చెప్తేనే కారు తీసేవాడనీ స్పష్టంగా చెప్పింది. శంకరప్ప వకీలు ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు.

"ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదే."

"ఆరోజు చెప్పింది అబద్ధమా, ఈరోజు చెప్పేది అబద్ధమా?"

"ఆరోజుది."

"ఆరోజు తిండి కోసం అబద్ధం చెప్పినదానివి, ఈరోజు డబ్బు కోసం చెప్పవని నమ్మకమేంటి?"

ఆమె నా వైపు చూసింది. నా వంతు వచ్చినప్పుడు, ఆమె చెప్పింది చెప్పినట్టే రాశానని చెప్పాను. దోస్తని రాయిస్తే ఆమెకే నష్టమని అప్పుడే హెచ్చరించానని కూడా చెప్పబోయాను. "అడిగినదానికే జవాబు చెప్పండి" అని వకీలు ఆపేశాడు.

తర్వాత గఫార్‌ను పిలిచారు. అతనికి అతని వకీలు ముందే నూరిపోశాడని నాకు తెలుసు. కారు ఊరికే ఇచ్చారని గఫార్ అంటే కంపెనీ తప్పించుకోలేదు, కంపెనీ డబ్బు గట్టి డబ్బు. కిరాయి ఇచ్చానంటే ఒక్క శంకరప్పే మిగులుతాడు. ఆ డబ్బు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ఎవరికీ తెలియదు. నలుగురు పిల్లలు, ఒంటి చెయ్యి. అతను ఏం చెప్తాడో ఊహించడం కష్టం కాదనుకున్నాను.

"కిరాయి ఇచ్చిన సాబ్" అన్నాడు గఫార్. "దుకాణంల కూసోనున్న సేటు చేతిలనే పెట్టిన. నర్సింలు పైస ముట్టలే. సేటే పిలిచి, పైలంగ తీస్కపో అని చెప్పిండు. బండి ఎడమకు తిప్పకుంటే నా పిల్లలు ఉండకపోయేటోళ్ళు. నేను ఆయన్ని దొంగ అననియ్య."

అతని వకీలు తల పట్టుకున్నాడు. శంకరప్ప నేల చూపులు చూస్తున్నాడు.

బయటికి వచ్చాక నేను గఫార్‌తో, "ఊరికే ఎక్కించుకున్నాడని అంటే మీకు మేలయ్యేది కదా" అన్నాను. కంపెనీ జీతం తింటూ అనకూడని మాటే అది. అతను ఖాళీ చొక్కా చేతిని జేబులోకి దోపుకుంటూ, "మాలూమ్ బేటీ. మరి ఆ ఆడిమనిషి సామ్నే ఎట్ల చెప్తం?" అన్నాడు.

తీర్పు అనుకున్నట్టే వచ్చింది. కంపెనీకి బాధ్యత లేదు, శంకరప్ప ఇచ్చుకోవాలి. ఆయన దగ్గర అంత లేదు. ముందు కారు తుక్కు అమ్మాడు, తర్వాత గోదాము అమ్మాడు. గఫార్‌కు కొంత ముట్టింది, మిగిలింది ఏళ్ళ తరబడి నానింది. గోదాముతో పాటు సంగమ్మ గదీ పోయింది. భర్త చనిపోయినందుకు ఆమె వేసిన పరిహారం అర్జీ గడువు దాటిందని ఒకసారి, పాత స్టేట్‌మెంట్ అడ్డమని ఇంకోసారి తిరిగి తిరిగి ఆగిపోయింది. ఆమె పిల్లలను తీసుకుని న్యాల్‌కల్ దగ్గర తల్లిగారి ఊరికి వెళ్ళి కూలికి పోతోందని విన్నాను. ఒక్కసారి సంతలో కనిపించింది. పలకరిస్తే పలికింది. కేసు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఈ ఉద్యోగంలో ఎన్నో దుకాణాలు కాలిపోవడం చూశాను, ఎన్నో బండ్లు తుక్కు కావడం చూశాను. అవన్నీ ఫైళ్ళతో పాటే పోయాయి, ఈ కేసు పోలేదు. ప్రీమియంలో కొంచెం మిగులుతుందని వాడకం ఒకటైతే ఇంకొకటి రాయిస్తారు. ప్రమాదం జరిగే దాకా దాని వల్ల ఎవరికీ నష్టం కనపడదు. జరిగాక ఆ ఒక్క అబద్ధాన్ని కాపాడటానికి ఇంకొకటి కావాలి, దానికి ఇంకొకటి. అందులో అందరికంటే ముందు నలిగేది నోరు లేనివాడు. ఇక్కడైతే నోరెత్తి చెప్పుకోవడానికి ఆ మనిషే లేడు. ప్రమాదమైన ఇంట్లో ఎవరైనా వచ్చి 'ఇట్లా చెప్పు, నేను చూసుకుంటా' అంటే, ఎంత మంచివాడు అన్నా సరే, వేలిముద్ర వెయ్యొద్దని నేను ఎందరికో చెప్పాను. కిరాయికి కారు ఎక్కేవాళ్ళకు పలక చూడమని చెప్పాను. డ్రైవర్‌ను పెట్టుకునేవాళ్ళకు అతని లైసెన్సు తీసి చూడమని, పాలసీలో పెయిడ్ డ్రైవర్ బాధ్యత, అంటే జీతపు డ్రైవర్‌కు ఏమైనా అయితే కంపెనీ ఇచ్చే పరిహారం, కూడా రాయించమని చెప్పాను. దానికయ్యేది చాలా చిన్న మొత్తం.

1986లో రాయికోడ్ నుంచి ఒకాయన కొత్త జీపుకు బీమా కట్టడానికి వచ్చాడు. పత్తి, కందులు కొనే చిన్న వ్యాపారం ఆయనది. డ్రైవర్ సంగతి అడిగితే నవ్వాడు.

"డ్రైవరేంది మేడం, వాడు మా ఇంటి మనిషే. వానికి వేరే రాసుడెందుకు?"

"ఇంటి మనిషే అయినా, అతను మీ జీతగాడన్న మాట మీరు బతికుండగా, అతను బతికుండగా కాగితం మీద పెట్టండి" అన్నాను. "ఒకరు పోయాక అదే మాట ఇంకోలా మారుతుంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. నా ముఖంలో ఏం కనపడిందో తెలియదు. కిటికీ దగ్గరికి వెళ్ళి కింద జీపు వైపు వంగి పిలిచాడు.

"మల్లేశా, జర నీ లైసెన్సు తీస్కొని పైకి రా."