మా సుశీల పిన్ని ఖాళీగా కూర్చునేది

మీరు అబద్ధం రాశారు.

అవును, మిమ్మల్నే. నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూపులో, ఫేస్‌బుక్‌లో అందరూ ఒకటే మాట. "సుశీలమ్మగారు ఒక్క నిమిషం ఖాళీగా కూర్చునేవారు కాదు." కింద దండాల ఎమోజీలు.

నిన్న పొద్దున బాపట్ల నుంచి పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ లేవట్లేదే" అంది.

స్టవ్ మీద పాలున్నాయి. అవి పొంగి, మంట ఆరి, గ్యాస్ వాసన వచ్చేదాకా నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బాపట్లలో అన్నీ అయ్యాక తెనాలి తిరిగొచ్చి ఫోన్ తెరిస్తే, ఇదిగో, మీ మెచ్చుకోళ్లు.

పిన్ని ఖాళీగా కూర్చునేది. కూర్చోవడానికి పోట్లాడింది కూడా. ఆ పోట్లాట నేను కళ్లారా చూశాను.

ఎనభైల చివర. పిన్నిది రేపల్లెలో టీచరు ఉద్యోగం. నేను అక్కడే డిగ్రీ. రోజూ తెనాలి నుంచి రైలు.

సాయంత్రం తిరుగు రైలు ఎలా ఉండేదో తెలుసా? ఒకవైపు మగవాళ్లు ఒళ్లో తువ్వాలు పరుచుకుని పేకాట. ఇంకోవైపు టీచర్లు, గుమాస్తాలు, నర్సులు. వాళ్ల ఒళ్లో గోరుచిక్కుళ్లు. రేపల్లెలో కొని, దారంతా పీచు తీసి, ఇంటికెళ్లగానే పొయ్యి మీద పడెయ్యాలి కదా!

అందరూ పగలంతా పనిచేసి వచ్చినవాళ్లే. పేకాట మాత్రం ఒకవైపే.

పిన్నికి మా మావయ్య మద్రాసు నుంచి వాక్‌మన్ తెచ్చాడు. రైలెక్కగానే అది చెవులకు పెట్టుకుని, కిటికీకి తల ఆనించి, ఎంచక్కా కళ్లు మూసుకునేది. చీర కింద తెల్ల కాన్వాస్ బూట్లు. తెనాలిలో దిగాక రిక్షా ఎక్కకుండా కాలవ గట్టు మీద చకచకా నడిచి ఇల్లు చేరేది.

పేకాట బ్యాచ్‌లో బాబాయికి అన్న వరసయ్యే పెద్దాయన ఒకడు, రైస్ మిల్లు గుమాస్తా. పక్కాయన ఆయన్ని అడిగాడు.

"ఏంటండీ, మీ మరదలు చెవుల్లో అవి?"

"చెవుడండి, పాపం. మిషన్ పెట్టించారు."

"ఈ వయసుకేనా!"

"టీచర్లకి మామూలే లెండి. పిల్లల గోలకి."

పిన్నికి వినబడింది. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కాదని మాత్రం చెప్పలేదు. చెవిటిదానికి ఎవరూ గోరుచిక్కుళ్ల సంచి అందించరు కదా!

ఆ తర్వాత భట్టిప్రోలు వచ్చినా, వేమూరు వచ్చినా పెద్దాయన పిన్నికి పెట్టె అదిరేలా అరిచి చెప్పేవాడు. అదే నోటితో, ఆవిడ ఎదురుగానే, ఆవిడ గురించి ఏవేవో మాట్లాడేవాడు.

ఒకరోజు ముక్కలు సర్దుకుంటూ అన్నాడు. "తమ్ముడితో చెప్పాను. వచ్చే నెల నుంచి ఉద్యోగం మాన్పించేస్తాం. చెవిటి మనిషిని సంపాదనకి తోలుతున్నాం అంటున్నారు ఊళ్లో. పైగా బూట్లేసుకుని గట్టు మీద ఆ నడకేంటండీ, మగరాయుడిలాగా!"

పిన్ని టక్కున పాట ఆపింది. చెవుల్లోవి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"బావగారూ, మీ జోకర్ పక్కాయనకి కనబడుతోంది. ముందు అది చూసుకోండి. నా ఉద్యోగం నేను చూసుకుంటాను."

ఆయన ముక్కలు జారిపోయాయి.

"వినబడుతోందా నీకు?"

"మొదట్నుంచీ అండి."

ఆడవాళ్లు నవ్విన నవ్వుకి ఒళ్లోని గోరుచిక్కుళ్లు కిందపడ్డాయి.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆదివారం పంచాయితీ పెట్టారు. వాక్‌మన్ బీరువాలో పెట్టాలి, రిక్షాలో రావాలి, లేదా ఉద్యోగం మానాలి. పిన్ని నిలబడే సమాధానం చెప్పింది.

"జీతం ఇస్తున్నాను. వంట చేస్తున్నాను. ఈ గంట మాత్రం ఇవ్వను."

మా బాబాయి నేల చూస్తూ, "ఉంచుకోనీ అన్నయ్యా" అన్నాడు. ఆయన్ని అంతకంటే ఎక్కువ మెచ్చుకోను. ఒక గంటకి పర్మిషన్ ఏంటసలు?

కొన్నాళ్లకి రైల్లో సంచులు సీటు కిందికి వెళ్లాయి. ఇద్దరు టీచర్లకి ఒక వాక్‌మన్, చెరొక చెవి. తొంభైల్లో గట్టు మీద సాయంత్రాలు ఆడవాళ్ల గుంపే నడిచేది. ఇళ్ల దగ్గర మొగుళ్లు టీ కోసం గడియారాలు చూసుకునేవారు. చూసుకోనివ్వండి!

హెల్త్ టిప్స్ ఫార్వర్డ్ చేసే మీకు చెబుతున్నాను. పిన్ని ఎవరికీ కీరా తినమనీ, పొద్దున్నే నిమ్మరసం తాగమనీ చెప్పలేదు. నాకు చెప్పింది ఒకటే. "ఊరికే కూర్చోవడం నేర్చుకోవే. అలవాటు తప్పితే మళ్లీ రాదు."

చివర్లో మీరంతా ఏం చేశారు? పిన్ని చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ కట్టి "ఫిట్‌నెస్ క్వీన్" అని ఫోటో పెట్టారు. సూర్యలంక బీచికి తీసుకెళ్లమని తనడిగితే, నీకు మోకాళ్ల నొప్పులన్నారు. వంటింట్లో నిలబడితే రాని నొప్పులు!

"ఇవాళ వాచీ మెచ్చుకుందే నన్ను. ఇంటికి చుట్టాలొచ్చారులే" అంది పోయిన వారమే, ఫోన్లో, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఎవరి కాఫీల కోసం వేసిన అడుగులో ఆ వాచీకి తెలియదు. మీకు తెలుసు.

పిన్నీ, వెళ్లిరా. నువ్వున్న చోట నిన్నెవరూ ఏ పనికీ పిలవకుండా ఉండాలి. నీకు తోచినంతసేపు హాయిగా ఉండు.

ఇక మీకు. ఇవి అభ్యర్థనలు కావు.

ఆ "ఒక్క నిమిషం" పోస్టులు ఇవాళే తీసెయ్యండి.

మీ అమ్మకి, అత్తకి, పెళ్లానికి రోజుకొక గంట వదిలెయ్యండి. ఆ గంటలో ఏం చేశావని అడక్కండి.

వాచీ కొనే ముందు చెప్పులు తొడుక్కుని వాళ్లతో కలిసి బయటికి నడవండి.

పెద్దకర్మ రోజు వంటకి మనిషిని పెట్టండి. వడ్డన మగవాళ్లదే. మొదటి బంతిలో ఆడవాళ్లు కూర్చుంటారు.

"ఇంకా కూర్చునే ఉన్నారేంటి?" అని ఎవరైనా అడిగితే, నీళ్ల జగ్గు వాడి చేతికివ్వండి.