మీర్ ఆలం చెరువు మీద ఎర్ర రెక్కలు

నేను నీటిరంగులతో పక్షుల బొమ్మలు వేస్తాను. మాది గౌలిపుర, పాడి ఇల్లు. చలికాలంలో మీర్ ఆలం చెరువుకు పొడుగు కాళ్ళ, వంకర ముక్కు పక్షులు వస్తాయి. నిలబడితే తెలుపే. రెక్క విప్పితే మాత్రం లోపల నిప్పులాంటి ఎరుపు. ఆ ఎరుపును కాగితం మీదికి తేవాలని నా ఆశ. పోయిన రెండు చలికాలాలూ నేను వెళ్ళేసరికే అవి వెళ్ళిపోయాయి. వచ్చే ఏడాదికి నా మోకాళ్ళు సహకరిస్తాయన్న నమ్మకం లేదు. అందుకే ఈసారి పక్షులు దిగాయని వినగానే బయలుదేరాను.

తెల్లవారగానే శాలిబండలో జట్కా ఎక్కాను. దూద్‌బౌలి, బహదూర్‌పుర మీదుగా గంటలోపే దారి, కిరాయి నాలుగణాలు.

"ఇంత సల్లల ఏడికి బాపు? చాపలకా?" అన్నాడు జట్కా అతను.

"పక్షుల బొమ్మ వెయ్యనీకి."

"జర కదలకుండ నిలవడుమని వాటికెవరు చెప్తరు?"

నాకు నవ్వొచ్చింది.

కట్ట ఎక్కి చూశాను. చెరువు మూల, లోతులేని నీళ్ళలో బారులు బారులుగా అవే! వెంట తెచ్చిన రెండు కాగితాల్లో ఒకటి పరిచి కుంచె ముంచాను. రంగు పరుచుకోలేదు. చుక్కలు చుక్కలుగా విడిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. చెంబులోకి చూస్తే నీళ్ళ మీద జిడ్డు తేలుతోంది. మా ఇంట్లో ఏ నీళ్ళైనా పాలచెంబులోనే. మీగడ చెంబని చూడకుండా తెచ్చాను. కాగితం పాడైంది. నీళ్ళకోసం చెరువులోకి దిగుదామంటే మెట్ల నిండా పాకుడు.

కట్ట కావలి మనిషి వచ్చి చెంబులోకి తొంగి చూశాడు. "గౌలిపురోళ్ళు పాలల్ల నీళ్ళు కలుపుతరని విన్న. నువ్వేంది బాపు, నీళ్ళల్ల పాలు కలిపినవ్!"

"జర మంచినీళ్ళుంటే ఇయ్యి భాయ్. పక్షులు లేస్తయేమో," అన్నాను. కొత్తవాళ్ళను అంత తొందరగా ఏదీ అడిగినవాణ్ణి కాదు.

"ఫికర్ చెయ్యకు," అంటూ తన గుడిసెలోని కుండ నుంచి ముంతెడు తెచ్చాడు. కుంచె కడిగానో లేదో, దూరంగా కుక్క మొరిగింది. బారంతా ఒక్కసారి లేచింది. ఆకాశం ఎర్రబడింది! పక్షిని గీయలేదు. తడి కుంచెతో ఎరుపు తీసి, ఒక్క ఊపున రెండో కాగితం మీద లాగాను. అది పారింది, అంచు మెత్తబడింది, రెక్క అయింది.

"అబ్బో! ఎగుర్తుంది!" అని కావలి మనిషి కేకేశాడు.

అవి మళ్ళీ దిగలేదు. నా కాగితం మీద కాళ్ళు లేవు, ముక్కు లేదు, ఒక్క రెక్కే ఉంది. తడి ఆరేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నిలబడ్డవాటినే వేస్తూ వచ్చాను. వెళ్ళిపోయేదాన్ని వేయడంలో ఇంత సంతోషం ఉంటుందని అనుకోలేదు. మీరు వెళితే మాత్రం ఒక మాట: ఎన్ని కాగితాలున్నా, అవి లేచే క్షణం కోసం ఒకటి ఖాళీగా ఉంచుకోండి.